పనికి పట్టు దినములు



పదిమంది కూలివారు ఒక గోతిని ఇరువది దినములలో త్రవ్విరి. ఇరువదిమంది త్రవ్వినచో ఎన్ని దినములు పట్టును? ఈ లెక్కను చేయని బడిపిల్లవాడు మన దేశమున ఉండడు. పది దినములని పలుకపై వ్రాసినవానికి మార్కులు వచ్చును. నేను తెలుగు పండితుడనుగా నియమింపబడినవాడనే యైనను, మాది చిన్న బడి యగుటచే లెక్కలు కూడ నేనే చెప్పవలసివచ్చెను. ఆ విధముగా ముప్పదియైదు సంవత్సరములు ఈ లెక్కను పిల్లలచే చేయించితిని.

నా ఉద్యోగము తొలిదినములలో ఒకనాడు వెనుకవరుసలో కూర్చున్న పిల్లవాడొకడు లేచి, "ఏ నేల పంతులుగారూ?" అని అడిగెను. వాడు వడ్డెరవారి పిల్లవాడు. వాని తండ్రియు తాతయు చెరువులు, బావులు త్రవ్వి జీవించినవారు. "నేలతో నీకేమిరా పని? లెక్క చేయుము" అని గద్దించితిని. వాడు తల వంచుకొని పది దినములని వ్రాసెను. ఆ పిల్లవాడు అడిగినది సరియైన ప్రశ్న యని తెలిసికొనుటకు నాకు ముప్పది సంవత్సరములు పట్టినది. అది ఎట్లు తెలియవచ్చినదో కడపట మనవిచేసెదను. ముందుగా, పనికి పట్టు కాలమును మనుష్యుడు ఎట్లెట్లు లెక్కించుచు వచ్చెనో ఆ చరిత్రను సంగ్రహముగా చెప్పుదును.

ఈ లెక్కకు మన శాస్త్రములలో త్రైరాశికమని పేరు. తెలిసిన మూడు రాశులనుండి తెలియని నాలుగవ రాశిని సాధించుట దీని స్వరూపము. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయములోనే ఇది కానవచ్చుచున్నది. శాలివాహన శకము 1072, అనగా క్రీ.శ. 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలో దీని శాఖలన్నియు విస్తరించి చెప్పబడినవి. ఒకటి పెరిగినచో రెండవది తరుగునట్టి తావున వాడవలసినది వ్యస్త త్రైరాశికము. మనుష్యులు హెచ్చినచో దినములు తగ్గుననెడి మన బడిలెక్క ఈ జాతికి చెందినదే. రాశులు ఐదు, ఏడు, తొమ్మిది యైనపుడు పంచరాశికము, సప్తరాశికము, నవరాశికము అని వేర్వేరు విధులు కలవు. మన తెలుగువారికి ఈ విద్య సంస్కృతము రానివారికి సైతము అందినది. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు రచించిన గణితసార సంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చి, మన భాషలో శాస్త్రగ్రంథములకు దారి తీసెను.

లీలావతిలో ఒక తొట్టి లెక్క కలదు. నాలుగు జలధారలు ఉన్నవి. ఒంటరిగా విడిచినచో తొట్టిని నింపుటకు ఒకదానికి దినము, రెండవదానికి అరదినము, మూడవదానికి దినములో మూడవవంతు, నాలుగవదానికి ఆరవవంతు పట్టును. నాలుగింటిని ఒక్కసారి విడిచినచో ఎంతసేపు పట్టును? ఒక్కొక్క ధార దినమునకు ఎన్ని తొట్లు నింపగలదో చూడుడు: ఒకటి, రెండు, మూడు, ఆరు. మొత్తము పండ్రెండు. కావున తొట్టి దినములో పండ్రెండవ వంతునకు నిండును. కాలములను కూడరాదు, వేగములను కూడవలెను. నేడు కంప్యూటరులు చేయుచున్న పనిలెక్కకు మూలసూత్రము ఇదియే.

అయితే భాస్కరుడు అంతటితో ఆగలేదు. ఇటుకల పేర్పు, రాళ్ల పేర్పు, గోతుల త్రవ్వకము, కఱ్ఱకోత అను వ్యవహారములను చెప్పుచు, ఈ పనుల మూల్యము పనివారల సమ్మతిని బట్టియు, పదార్థము యొక్క మెత్తదనము, కఠినత్వములను బట్టియు ఏర్పడునని స్పష్టముగా పలికెను. గోతి పొడవు, వెడల్పు, లోతులను గుణించుట గణకుని పని. ఆ గుణకారమునకు వెల కట్టుటకు మాత్రము నేలను చూడవలెను, పనివానిని అడుగవలెను. ఎనిమిది వందల యేండ్లకు పూర్వము ఇంతటి గణితవేత్త చెప్పిన మాట ఇది. నేను ఆ శ్లోకమును కంఠస్థము చేసినవాడనే. అయినను బడిలో ఆ పిల్లవాడు అదే మాట అడిగినపుడు నాకు అది తోచలేదు.

ఇక గ్రంథములను విడిచి గోదావరి యొడ్డునకు పోవుదము. ధవళేశ్వరము ఆనకట్టను ఆర్థర్ కాటన్ దొర ఆధ్వర్యమున 1847లో ఆరంభించి 1852లో పూర్తిచేసిరి. నది అచట లంకలచే నాలుగు పాయలుగా చీలియుండుటచే ఆనకట్ట ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు ఖండములుగా కట్టబడినది. వేలకొలది కూలివారు అచట పనిచేసిరి. ఆ పనికి ఐదు సంవత్సరములు పట్టినదని మనము చెప్పుకొందుము గాని, ఆ ఐదేండ్లలో నదీగర్భమున పని జరుగుటకు వీలైన దినములెన్ని? జూను మొదలుకొని అక్టోబరు వరకు గోదావరి పొంగియుండును. నీరు తీసిన పిమ్మట, మరల వఱద వచ్చులోపల, దొరకిన నెలలలోనే పునాది, రాతికట్టడము సాగవలెను. నేడు వేయిమంది కలరు, రేపు రెండువేలమందిని పెట్టెదనన్నచో వఱద ఆగదు. కావున అట్టి పనులలో దినములను కూలివారి సంఖ్య ఒక్కటియే నిర్ణయింపదు. నది, ఋతువు, రాయి తెచ్చు బండ్లు, సున్నము కాల్చు బట్టీలు అన్నియు కలసి నిర్ణయించును. చెరువుకట్ట, కాలువ మరమ్మతు చేయించిన పెద్దలందరకు ఇది అనుభవములోని విషయమే.

పందొమ్మిదవ శతాబ్ది చివర, పని వేగమును కొలిచి వ్రాసిపెట్టు ప్రయత్నము అమెరికాలో శాస్త్రరూపమును దాల్చెను. ఫ్రెడరిక్ టేలరు అను ఇంజనీరు 1880 దశకములో ఒక ఉక్కు కర్మాగారమున గడియారమును చేతబట్టి, పనివాడు ఏ కదలికకు ఎన్ని క్షణములు తీసికొనుచున్నాడో వ్రాయుట మొదలిడెను. 1911లో ప్రకటించిన గ్రంథములో ఆయన ఒక కథ చెప్పెను. బెత్లెహెం ఉక్కు కర్మాగారమున ఇనుపదిమ్మలను బండ్లకెత్తు కూలివాడు దినమునకు 12.5 టన్నులు ఎత్తుచుండగా, తన పద్ధతిని అనుసరించినవాడు 47.5 టన్నులు ఎత్తెనట. తరువాతి పరిశోధకులు పాత పత్రములను వెదకి, ఆ కథ అంతయు రికార్డులతో సరిపోవుట లేదని చూపిరి. మెరుగైన పనిముట్టు, సమయమునకు విశ్రాంతి ఉన్నచో పని పెరుగుననుట నిజమే. కాని బలిష్ఠుడైన ఒక్కనిని ఎంచి, వాడు ఒక దినమున చేసినదానిని అందరకు, అన్ని దినములకు కొలతగా చేయుట న్యాయము కాదు. 1911లోనే వాటర్‌టౌన్ ఆయుధాగారమున ఈ గడియారపు కొలతను సహింపక పనివారు సమ్మె చేసిరి. శాసనసభ విచారణ జరిపెను. కొన్ని యేండ్లలో, ప్రభుత్వ ధనముతో అట్టి కొలతలు చేయరాదని అమెరికా కాంగ్రెసు నిషేధించెను. మనుష్యుని వేగము ఒక అంకెగా మారినపుడు, ఆ అంకెను ఎవరు వ్రాసిరి, ఎవరి మేలునకు వ్రాసిరి అను తగవు ఆనాడే పుట్టినది.

టేలరుతో కలిసి పనిచేసిన హెన్రీ గాంట్ కొంతకాలము బడిపంతులుగా ఉండినవాడు. ఆ మాట చెప్పుటకు నాకు సహజముగానే సంతోషము. 1910 దశకములో ఆయన పనులను అడ్డగీతలుగా గీయు పటమును ప్రచారములోనికి తెచ్చెను. ఎడమవైపు పనుల పేర్లు, పైన తేదీలు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క అడ్డుపట్టీ. పట్టీ ఎంత పొడవో పని అన్ని దినములు. పోలెండు దేశమున అదామియెత్స్కి అను ఇంజనీరు 1896లోనే ఇట్టి పటమును కల్పించియుండెను. కాని గాంట్ పేరే లోకమున నిలిచినది.

1957లో డ్యూపాంట్ కంపెనీ వారు కర్మాగారపు పనులలో ఏ పని ఆలస్యమైనచో మొత్తము ఆలస్యమగునో ఆ పనుల గొలుసును కంప్యూటరుపై కనిపెట్టు పద్ధతిని సాధించిరి. మరుసటి యేడు అమెరికా నౌకాదళము పొలారిస్ క్షిపణుల నిర్మాణమునకు మరియొక పద్ధతిని అవలంబించెను. దీనిలో నాకు నచ్చిన గుణమొకటి కలదు. పనికి ఎన్ని దినములని ఒక్క అంకెను అడుగరు, మూడు అంకెలను అడుగుదురు. అన్నియు కలసివచ్చినచో ఎన్ని, సాధారణముగా ఎన్ని, అన్నియు ఎదురు తిరిగినచో ఎన్ని? నడిమి అంకెను నాలుగింతలు చేసి, తక్కిన రెండింటిని కలిపి, ఆరుచే భాగింతురు. కలసివస్తే 10 దినములు, సాధారణముగా 14, ఎదురు తిరిగితే 30 అనుకొందము. 10, 56, 30 కలిపి 96. ఆరుచే భాగించిన 16. మన ఊరి మేస్త్రిని అడిగినను "కుదిరితే పది, కుదరకపోతే నెల" అనియే కదా చెప్పును! ఒక్క అంకె చెప్పుమని నిర్బంధించు వారే వానిచేత అసత్యమాడింతురు.

ఇంకొక యనుభవము. 1960 దశకమున ఐ.బి.ఎం. కంపెనీలో ఒక పెద్ద కంప్యూటరు కార్యక్రమమును వ్రాయించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ఒక పుస్తకము ప్రకటించెను. ఆలస్యమైన పనికి క్రొత్త మనుష్యులను చేర్చినచో అది మరింత ఆలస్యమగునని ఆయన సారాంశము. క్రొత్తవానికి నేర్పుటకు పాతవాడు తన పనిని మానుకొనవలెను. ఒకరితో నొకరు మాటాడుకొనవలసిన జంటలును పెరుగును. పదిమంది ఉన్నచో 45 జంటలు, ఇరువదిమంది ఉన్నచో 190 జంటలు. మనుష్యులు రెట్టింపైనపుడు మాటలు నాలుగురెట్లు దాటినవి. ఆయన చెప్పినది బల్లల యొద్ద కూర్చుండి చేయు పనిని గూర్చి. అయినను పెండ్లివంటకు పదిమంది వంటవారు చాలినచోట నలువదిమందిని దింపిన గృహస్థుకు ఈ సూత్రము ప్రత్యేకముగా బోధింపనక్కరలేదు.

ఇపుడు నేటి కాలమునకు వచ్చితిమి. 1980 దశకము మొదలు, పనుల కాలపట్టికను తయారుచేయు సాఫ్టువేరులు చిన్న కంప్యూటరులలోనికి వచ్చినవి. మైక్రోసాఫ్ట్ వారి ప్రాజెక్టు అను సాఫ్టువేరు మొదట 1984లో వెలువడినది. గాంట్ గీసిన అడ్డుపట్టీలనే ఇవియు తెరపై గీయును. లోపల నడచు లెక్క మన పలుకలెక్కయే. పని మొత్తము, పనివారు, దినములు అను మూడు రాశులు. దినములను పనివారిచే గుణించిన పని వచ్చును. మూడింటిలో ఏది కదలరాదో మనము చెప్పవలెను. పని కదలదని చెప్పి మనుష్యులను రెట్టింపు చేసినచో యంత్రము దినములను తటాలున సగము చేయును. ఒక్క రెప్పపాటులో పట్టీ కురచబడును. గోతి దగ్గర చోటున్నదా, నేల ఎట్టిది, ఎండ ఎంత అని యంత్రము తనంతట తాను అడుగదు. దానికి అవి చెప్పుటకు మార్గములు ఉన్నవి, చెప్పినచో లెక్కలోనికి తీసికొనును. చెప్పవలసినవాడు మనుష్యుడే.

ఇక నేను చేసిన తప్పును మనవిచేసెదను. కొన్ని సంవత్సరములకు పూర్వము మా గ్రామ చెరువుకట్టను బలపరచు పని వచ్చెను. యంత్రములు లేక కూలివారే చేయవలెనని నియమము. ఒక కార్యాలయమునుండి రంగురంగుల పట్టీలతో కంప్యూటరు కాగితము వచ్చినది. మట్టి 4,200 ఘన మీటర్లు. మనిషి ఒక్కంటికి దినమునకు 2 ఘన మీటర్లు. కూలివారు 70 మంది. కావున దినమునకు 140 ఘన మీటర్లు, మొత్తము 30 దినములు. మే నెల నడుమ మొదలిడినచో జూను నడుమకు ముగియును. గ్రామపెద్దలు ఆ కాగితమును నాకు చూపి, "పంతులుగారూ, లెక్క సరిగా ఉన్నదా?" అని అడిగిరి. నేను కండ్లజోడు పెట్టుకొని గుణించి, భాగించి, "లెక్కలో దోషమేమియు లేదు" అంటిని. నా మాటపై అందరు సమ్మతించిరి.

కూలివారికి మేస్త్రిగా వచ్చినవాడు ఎవరనుకొనుచున్నారు? "ఏ నేల పంతులుగారూ?" అని అడిగిన ఆనాటి పిల్లవాడే. తల నెరయుచున్నది. కాగితమును చూచి వాడు మెల్లగా, "ఈ రెండు మీటర్లు ఎక్కడివండీ? ఇది గట్టి మొరం. పలుగు దిగదు. పైగా మట్టి కట్ట మీదికి మొయ్యాలి" అనెను. నేను బదులు చెప్పలేదు. అప్పటికే సంతకములు అయిపోయినవి.

వాడు చెప్పినదానిని పిమ్మట కూర్చుండి లెక్కించితిని. ఆ గట్టి నేలలో త్రవ్వువాడొకడు దినమునకు 3 ఘన మీటర్లు త్రవ్వగలడు. తట్టతో ఆ దూరము మోసి కట్ట ఎక్కించువాడు ఒకటిన్నర మాత్రమే మోయగలడు. కావున ఒక త్రవ్వువానికి ఇద్దరు మోయువారు కావలెను. ముగ్గురు కలసి 3 ఘన మీటర్లు. మనిషికి ఒక్కటి. మెత్తని నేలలో త్రవ్వి ప్రక్కన వేయుటకు వ్రాసిన 2 అను అంకెను ఎవరో ఇచట దింపిరి. ఇంజనీర్లు లీడు, లిఫ్టు అని చెప్పు మోతదూరము, ఎక్కింపు ఎత్తు ఆ లెక్కలో చేరనే లేదు. నిజముగా పట్టవలసినది 30 దినములు కాదు, 60 దినములు.

జరుగవలసినదే జరిగినది. నెల గడచుసరికి కట్ట సగమే లేచెను. మరి 70 మందిని చేర్చిరి. కట్టపైకి ఎక్కు దారి ఒక్కటియే. తట్టలు పట్టుకొని మనుష్యులు వరుసలో నిలువవలసివచ్చెను. రెట్టింపు మనుష్యులతో పని నాలుగవవంతు కూడ పెరుగలేదు. ఇంతలో వానలు వచ్చినవి. గట్టిపడని క్రొత్తమన్ను చాలవరకు చెరువులోనికే జారిపోయెను. అన్నింటికంటె నన్ను బాధించినది కూలి సంగతి. కూలి మట్టికొలతపై ఇచ్చునది యగుటచే, దినమంతయు ఎండలో శ్రమించినవారికి సగము కూలియే చేతికి వచ్చినది. కాగితము ప్రకారము వారు సోమరులు. ఆ కాగితమును సరియైనదని చెప్పినవాడను నేను.

ఒకనాటి సాయంకాలము మేస్త్రి ఇంటికి పోయి, "నాయనా, ఆనాడు బడిలో నిన్ను గద్దించితిని. నీవే సరి" అంటిని. వాడు నవ్వి, "మీరు చెప్పిన లెక్క తప్పు కాదండీ. లెక్కకి ముందు నేల చూడాలి, అంతే" అనెను. భాస్కరాచార్యుడు శ్లోకములో చెప్పినదియు అదియే.

ఈ న్యాయమును మన శాసనములును గుర్తించినవి. 2005లో పార్లమెంటు చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టములో, మనిషి ఏడు గంటలు పనిచేసినచో సాధారణముగా పూర్తి కూలి వచ్చునట్లు పనిరేట్లను నిర్ణయింపవలెనని వ్రాసిరి. వేసవి నెలలలో చేయవలసిన పని కొలతను కొంత తగ్గించి లెక్కించు పద్ధతియు మన తెలుగు ప్రాంతమున అమలు జరిగినది. అనగా మనుష్యుని చూచి అంకెను వ్రాయవలెను గాని, అంకెను చూచి మనుష్యుని తూచరాదు.

పెద్దలారా, నేను కంప్యూటరును నిందించుటకు ఈ ప్రసంగము చేయలేదు. అది భాగహారములో తప్పు చేయదు. నూరు పనుల గొలుసును మనకంటె చక్కగా గుర్తుంచుకొనును. మీ ఊరికి రేపు బడిగది గాని, కాలువ గాని, రహదారి గాని వచ్చినపుడు ఇట్టి పట్టీల కాగితము మీ చేతికి రావచ్చును. అపుడు గుణకారమును సరిచూచుటతో తృప్తిపడకుడు. మనిషికి దినమునకు ఇంతయని వ్రాసిన అంకె ఏ నేలలో, ఏ ఋతువులో కొలిచినదని అడుగుడు. దానిలో మోతదూరము, ఎక్కింపు ఎత్తు చేరినవా అని అడుగుడు. మనుష్యులను పెంచినచో నిలుచుటకు చోటున్నదా అని అడుగుడు. వానలకు ముందు ఎన్ని దినములు మిగులునో లెక్కించుడు. చివరగా, ఆ పని చేయబోవు మేస్త్రిని పిలిచి, సంతకమునకు ముందే అడుగుడు. నేను అడుగలేదు.

మా చెరువుకట్ట మరుసటి వేసవిలో పూర్తియైనది. ఈ మారు మనిషికి ఒక ఘన మీటరు చొప్పుననే కాగితము వ్రాసిరి. ఆ అంకెను చెప్పినవాడు మేస్త్రి, భాగహారము చేసినవాడను నేను.